పొణికి కొయ్య, చక్ర రంపం: కొండపల్లి కోతపని

విజయవాడకు వాయవ్యంగా, 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో, పాత కోట నిలిచిన కొండల పాదాన ఉన్న కొండపల్లిలో కొయ్యబొమ్మ పని దుంగను కోయడంతో మొదలవుతుంది. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు వంటి బొమ్మలను కొలువుల్లో చూసేవారి కంటికి ముందుగా కనిపించేది రంగే అయినా, ఆ రంగు కింద సున్నపు పూత, పూత కింద మక్కు, మక్కు కింద చెక్కడం, అన్నిటికీ అడుగున కోత ఉంటాయి. ఈ కళ గురించి వచ్చిన రచనల్లో చెక్కడానికీ చిత్రణకూ దక్కిన చోటు కోతకు దక్కలేదు. చేతి రంపం పక్కన విద్యుత్తుతో తిరిగే చక్ర రంపం కూడా కొయ్యపని చోట్లలోకి వచ్చిన ఈ రోజుల్లో ఆ లోటును పూరించడం అవసరం.

కొండపల్లి బొమ్మకు వాడే కొయ్య తెల్లపొణికి. ఇది తేలికగా, మెత్తగా ఉండి, ఉలికి ఎదురు తిరగకుండా లొంగుతుంది. పచ్చి దుంగలోని తేమ ఆరేంతవరకు ఎండబెట్టి, ముక్కలను సన్నని సెగపై కాచి, ఆ తరువాతనే పనివారు చెక్కుతారు. పదహారవ శతాబ్దంలో రాజస్థాన్ ప్రాంతం నుంచి వచ్చినట్లు చెప్పుకునే ఆర్యక్షత్రియ కుటుంబాలు, అంటే నకర్షాలు, ఈ పనిని తరతరాలుగా సాగిస్తున్నాయి. మొండెం, చేతులు, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికించడం వారి పద్ధతి. కాబట్టి ఒక బొమ్మకు ఒకే పెద్ద దిమ్మ చాలదు, రకరకాల కొలతల్లో చాలా చిన్న ముక్కలు కావాలి. కోతలోని కష్టమూ, ప్రమాదమూ ఈ చిన్న ముక్కల దగ్గరే ఉన్నాయి.

చేత్తో పట్టుకుని నడిపే విద్యుత్ చక్ర రంపం పుట్టుకకు కృష్ణా డెల్టా రైతుకు బాగా తెలిసిన పంటతో సంబంధం ఉంది. అమెరికాలోని లూసియానాలో కూలీలు కత్తులతో చెరకు నరకడం చూసిన ఎడ్మండ్ మిషెల్, ఆ శ్రమను యంత్రానికి అప్పగించే ప్రయత్నం నుంచే ఈ పనిముట్టును రూపొందించాడు. 1924లో జోసెఫ్ సలివాన్‌తో కలిసి దీని తయారీకి సంస్థను నెలకొల్పాడు. చెరకు నరకడానికి పుట్టిన ఆలోచన వడ్రంగి చేతికి చేరి, ప్రపంచమంతటా చెక్క కోసే పద్ధతినే మార్చింది.

ఈ యంత్రం వేగాన్ని అంకెల్లో చూస్తే తప్ప దాని స్వభావం అర్థం కాదు. సాధారణంగా 185 మిల్లీమీటర్ల వ్యాసం గల బ్లేడు నిమిషానికి 5,000 సార్లు తిరిగితే, దాని అంచున ఉన్న పన్ను గంటకు సుమారు 174 కిలోమీటర్ల వేగంతో కొయ్యను తాకుతుంది. యంత్రం కింది భాగంలో పళ్ళు ముందుకు కదులుతూ, ముందు అంచు దగ్గర పైకి లేస్తూ కోస్తాయి. కొయ్యలో బ్లేడు చేసుకుంటూ పోయే సన్నని గాడి ఏ కారణం చేతనైనా మూసుకుని బ్లేడును నొక్కితే, ఆగిపోయిన పళ్ళ బలమంతా తిరగబడి యంత్రాన్ని వెనక్కి, పైకి, పట్టుకున్న మనిషి వైపు విసురుతుంది. దీనినే వెనుతన్ను అనవచ్చు. రెప్పపాటులో జరిగే ఈ విసురును చేతి బలంతో ఆపడం సాధ్యం కాదు. అందువల్ల అది జరగని విధంగా కోతను అమర్చుకోవడమే నేర్పు. తేమ ఆరని దుంగలో గాడి తనంతట తానే మూసుకుపోతుంది. రెండు కొసలనే ఆనించి నడుమ కోసినా దుంగ కుంగి గాడి బిగుసుకుంటుంది. తెగిపోయే ముక్క స్వేచ్ఛగా కిందికి జారేలా, ఉండవలసిన ముక్కకు కోత పక్కనే ఆధారం ఇస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

పొణికి మెత్తదనం ఇక్కడ మోసం చేస్తుంది. టేకులోనో తుమ్మలోనో యంత్రం మూలుగుతూ నెమ్మదిగా సాగి మనిషిని జాగ్రత్తపరుస్తుంది, పొణికిలో అడ్డు లేకుండా దూసుకుపోవడం వల్ల పట్టు సడలుతుంది, చూపు పక్కకు మళ్ళుతుంది. ఉలికి సుఖమిచ్చే గుణమే చక్ర రంపం ముందు ఏమరుపాటుకు కారణమవుతుంది. దీనికి తోడు బొమ్మ చేతికీ కాలికీ పనికివచ్చే ముక్క వేలెడంత పొడవే ఉంటుంది. అంత చిన్న ముక్కను ఒక చేత్తో పట్టి మరో చేత్తో యంత్రాన్ని నడపడం ఎంత అనుభవం ఉన్నవారికైనా చేయరాని పని. దుంగను పొడవాటి పట్టీలుగా చీల్చేంతవరకే చక్ర రంపం, పట్టీ నుంచి ముక్కలు తీయడానికి చేతి రంపం అనే హద్దును ప్రతి పనిశాలా పాటించాలి. చేతి రంపం పాతబడిపోయిందనే మాట కొండపల్లి పని విషయంలో ఏ మాత్రం నిజం కాదు. ముక్క చిన్నదయ్యేకొద్దీ చేతి రంపం విలువ పెరుగుతుంది.

కోత మొదలుపెట్టే ముందు ప్లగ్గు తీసి, బ్లేడు లోతును సరిచూడాలి. కొయ్య మందాన్ని దాటి ఒక పన్ను మాత్రమే కిందికి కనిపిస్తే చాలు, అంతకు మించి దించితే వెనుతన్ను బలం, గాయం లోతు రెండూ పెరుగుతాయి. పళ్ళు కింది నుంచి పైకి కోస్తాయి కనుక పైముఖం పెచ్చులు లేస్తుంది, కాబట్టి బొమ్మకు బయటివైపు రావలసిన ముఖాన్ని కిందికి తిప్పి ఉంచాలి. కొయ్యను బెంచీకి క్లాంపులతో బిగించి, రెండు చేతులతో యంత్రాన్ని పట్టుకుని, కోత గీతకు ఎదురుగా కాక ఒక పక్కకు నిలబడాలి. బ్లేడు కొయ్యను తాకకముందే స్విచ్చి నొక్కి, పూర్తి వేగం అందుకున్నాకే ముందుకు నడపాలి. గీత తప్పితే తిరుగుతున్న యంత్రాన్ని మెలితిప్పకుండా, వెనక్కి లాగకుండా, స్విచ్చి వదిలి బ్లేడు నిలిచేవరకు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాలి. కింది గార్డు, అంటే కోత ముగియగానే స్ప్రింగు బలంతో బ్లేడును కప్పేసే రేకు, అడ్డం వస్తోందని తీగతో కట్టి తెరిచి ఉంచడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

టైల్సు, గ్రానైటు కోసే నాలుగంగుళాల కట్టర్‌కు చెక్క బ్లేడు తగిలించి వాడడం తెలుగు ప్రాంతాల్లో విరివిగా కనిపిస్తుంది. చవకగా దొరుకుతుంది, తేలికగా ఉంటుంది, నిజమే. కానీ అది నిమిషానికి 12,000 సార్లకు పైగా తిరిగే రకం, దానికి తనంతట మూసుకునే కింది గార్డు సాధారణంగా ఉండదు. ప్రతి బ్లేడుపైనా అది తట్టుకోగల గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది, యంత్రం వేగం ఆ అంకెను మించితే బ్లేడు పన్ను ఊడి తూటాలా ఎగిరే ప్రమాదం ఉంది. డబ్బు చాలదనే కారణంతో ఇలాంటి కట్టర్ కొనేవారికి మంచి చేతి రంపం కొనడమే మేలు.

కొండపల్లిలో ఆడవారూ మగవారూ కలిసి ఇంటి పట్టునే పని చేస్తారు కనుక, చీర కొంగు, గాజులు, మెడ చుట్టూ తువ్వాలు, వదులైన చొక్కా చేతులు అన్నీ యంత్రానికి దూరంగా ఉండేలా చూసుకోవాలి. పిల్లలు తిరిగే వసారాలో యంత్రాన్ని ప్లగ్గుతో వదిలి లేవకూడదు. కళ్ళద్దాలు, చెవిమూతలు తప్పనిసరి. కొయ్య ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది కనుక ముక్కుకు గుడ్డ చాలదు, ధూళిని ఆపే మాస్కు కావాలి. వానాకాలపు తేమలో వైరు చీలి కరెంటు లీకైతే సరఫరాను వెంటనే కత్తిరించే 30 మిల్లీఆంపియర్ల రక్షణ స్విచ్చి ప్రతి పనిశాల మీటరు బోర్డులోనూ ఉండాలి.

పదును సంగతికి వస్తే, మొద్దుబారిన బ్లేడు పొణికిని కోయదు, నారను లాగి నూగుగా చింపుతుంది, రాపిడితో తెల్లని కొయ్యపై మాడు మరక వేస్తుంది, తోయడానికి ఎక్కువ బలం కోరి వెనుతన్నుకు దారి తీస్తుంది. నారకు వెంబడిగా చీల్చే నిలువు కోతకు 24 పళ్ళ బ్లేడు, నారను తెంచే అడ్డకోతకు 40 లేక అంతకు మించిన పళ్ళ బ్లేడు తగినవి. చేతి రంపాన్ని ఆకురాయితో సాన పట్టినట్లు కార్బైడు ముక్కలు టంకంతో అతికించిన బ్లేడును సాన పట్టలేరు, దానికి వజ్రపు పొడి అద్దిన చక్రం కావాలి. అయితే మొద్దుబారినట్లు కనిపించే బ్లేడు చాలాసార్లు కొయ్య జిగురు పేరుకున్నదే అయి ఉంటుంది. దానిని విప్పి, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీటిలో కాసేపు నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్ది, బాగా ఆరబెట్టి, పలుచగా నూనె రాస్తే పదును తిరిగి తెలుస్తుంది. పన్ను ఒక్కటి ఊడినా బ్లేడును పక్కన పెట్టాలి. మోటారులో మెరుపులు ఎక్కువైతే కార్బన్ బ్రష్షులు అరిగాయని గుర్తు, రెంటినీ కలిపి మార్చాలి. అడుగు పలకకు బ్లేడు నిటారుగా ఉందో లేదో మూలమట్టంతో అప్పుడప్పుడు చూసుకోకపోతే పట్టీలన్నీ ఏటవాలుగా తెగి, తరువాత చెక్కేవారికి పని పెరుగుతుంది.

చుట్టుపక్కల అడవుల్లో పొణికి తగ్గిపోతున్నందున కోతలో పోయే కొయ్య లెక్క కూడా ముఖ్యమే. రెండు మిల్లీమీటర్ల మందపు బ్లేడుతో పది కోతలు కోస్తే రెండు సెంటీమీటర్ల కొయ్య పొట్టుగా మారుతుంది, సన్నని చేతి రంపంతో అయితే అందులో దాదాపు సగమే పోతుంది. ఈ పొట్టు కొండపల్లిలో వృథా కాదు, జల్లించాక చింతగింజల జిగురుతో కలిసి మక్కు అవుతుంది. అదే యంత్రంతో అంతకుముందు ప్లైవుడ్ కోసి ఉంటే, అందులోని రసాయన జిగురు పొట్టు మక్కులో చేరుతుంది. పొణికి కోతకు ముందు ప్లగ్గు తీసి గార్డులో చిక్కుకున్న పాత పొట్టును దులిపి, వైరు తగలని చోట శుభ్రమైన పట్టా పరచి కోస్తే, మక్కుకు కావలసిన తెల్లని పొట్టు వేరుగా దక్కుతుంది.