డాబా మీద అడీనియం, చూరు కింద ఆర్కిడ్

కడియపులంక నర్సరీల దారిలో వెళ్తే రెండు రకాల మొక్కల దగ్గర కాలు ఆగుతుంది. ఒకటి నల్ల కవర్లలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, పొట్ట ముందుకేసుకుని కూర్చున్న పెద్దమనిషిలా ఉంటుంది. దుంప ఉబ్బి, పొట్టి కొమ్మల చివర గులాబీ రంగు పూలు విప్పుకుని ఉండే ఆ మొక్క అడీనియం. రెండోది షేడ్‌నెట్ కింద, బొగ్గు ముక్కలు నింపిన చిల్లుల కుండీలోంచి వేళ్ళు బయటికి వేలాడేసుకుని ఉంటుంది. అది ఆర్కిడ్. కొనడానికి వచ్చినవాళ్ళందరి ప్రశ్నా ఒకటే: "ఏది పెంచడం తేలికండీ?" నన్నడిగితే ముందు మీ ఇంట్లో ఎండ ఎటు పడుతుందో చెప్పమంటాను.

అడీనియం మనకి కొత్త ముఖమే గానీ దాని చుట్టాలు మన పెరట్లోనే ఉన్నారు. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు, అన్నీ ఆ కుటుంబమే. ఆకు తుంచితే పాలు కారడం చూస్తే చుట్టరికం తెలిసిపోతుంది. స్వీడన్ శాస్త్రవేత్త పేతర్ ఫోర్‌స్కోల్ యెమెన్‌లో మొక్కల్ని పరిశీలిస్తూ 1763లో అక్కడే కన్నుమూశాడు. ఆయన రాతలు 1775లో అచ్చయ్యాయి. ఈ మొక్కకి ఆయన పెట్టిన పేరుకి అర్థం 'లావుపాటి గన్నేరు'. మన పల్లెలో ఎవరు చూసినా ఆ పేరే పెట్టేవారు. ఏడెన్ ఊరి పేరు మీద అడీనియం అనడం తర్వాతి మాట. ఆ పాలు మాత్రం విషం. ఆఫ్రికాలో వేటగాళ్ళు బాణాల మొనలకి పూసేవారు. కొమ్మలు కత్తిరించాక చేతులు కడుక్కోండి. మేకలకీ పసిపిల్లలకీ అందనివ్వకండి.

ఆ పొట్ట కరువు కోసం దాచుకున్న నీళ్ళ కుండ. దాన్ని కోరిన ఆకారంలో పెంచడమే ఈ మొక్కలో ఉన్న కళ. కొమ్మ నాటినా బతుకుతుంది గానీ పొట్ట సరిగ్గా ఊరదు, విత్తనం వేయాల్సిందే. కాయలు జంటగా, ఎద్దు కొమ్ముల్లా వస్తాయి. ఎండి పగిలాయంటే విత్తనాలు గాలికి పోతాయి, ఒక్కో విత్తనానికీ రెండు కొసలా దూది కుచ్చులుంటాయి మరి. అందుకే ముదిరిన కాయకి దారం చుడతారు, లేదా చిన్న వల తొడుగుతారు. తాజా విత్తనం ఇసుక మీద పరిస్తే వారం తిరక్కుండా మొలుస్తుంది.

అసలు పని కుండీ మార్చేటప్పుడు. చలి తగ్గి ఎండ ముదిరేలోపు, ఫిబ్రవరి, మార్చిలో మొక్కని పెళ్ళగించి వేళ్ళు కడుగుతారు. నిట్టనిలువుగా దిగిన తల్లివేరు కోసేసి, పక్కవేళ్ళని చక్రం ఆకుల్లా పరుస్తారు. కింద పెంకు ముక్క పెట్టి దాని మీద వేళ్ళు విప్పి కూర్చోబెట్టేవాళ్ళూ ఉన్నారు. కోసిన చోట తడి ఆరేదాకా వారం రోజులు నీడలో ఉంచుతారు. తిరిగి నాటేటప్పుడు దుంపని కిందటేడు కన్నా అంగుళం పైకి లేపుతారు. అలా ఏటా అంగుళం చొప్పున మట్టిలో ఉన్నది బయటపడుతుంది. పదేళ్ళ మొక్కకి కనిపించే ఆ ఏనుగుపాదం ఒకప్పుడు వేళ్ళే. థాయ్‌లాండ్, తైవాన్ వాళ్ళు తయారుచేసిన ముద్ద పూల రకాలు, నలుపు తిరిగిన ఎరుపు రకాలు కావాలంటే విత్తనపు మొక్క మీద అంటు కట్టాలి. కాండాన్ని V ఆకారంలో చీల్చి, పుల్లని అదే కొలతకి చెక్కి దూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుడతారు.

నా మొదటి అడీనియాన్ని నేనే చంపుకున్నాను. శ్రావణ మాసం, ముసురు. ఆకులు పసుపెక్కి రాలుతుంటే దాహం అనుకుని ఇంకో చెంబెడు పోశాను. నాలుగో రోజు దుంప నొక్కితే మిగలపండిన సీతాఫలంలా వేలు లోపలికి దిగింది. దాహంతో మెత్తబడ్డ దుంప రబ్బరు బంతిలా నొక్కుపడి మళ్ళీ లేస్తుంది, కుళ్ళినది లేవదు. ఇది నాకు అప్పుడు తెలియదు. చలికాలంలో ఆకు రాల్చి మోడుగా నిలబడ్డా కంగారుపడక్కర్లేదు, అది నిద్రపోతోంది. ఇసుక, ఇటుక ముక్కలు దండిగా కలిపిన మట్టి, మట్టిలో రెండు వేలి కణుపుల లోతు ఆరాకే నీళ్ళు, రోజుకి ఆరుగంటల ఎండ చాలు. ఒక్క శత్రువుని మాత్రం కనిపెట్టి ఉండాలి: మెడ దగ్గర రెండు నీలికళ్ళ మచ్చలున్న ఆకుపచ్చని లావుపాటి గన్నేరు పురుగు. రాత్రికి రాత్రి కొమ్మ మొత్తం బోడి చేసేస్తుంది.

ఆర్కిడ్ సంగతి వేరు. దాంట్లో మొక్కని చూసి మురిసేది ఏమీ లేదు. పూత లేనప్పుడు చూస్తే నాలుగు తోలు ఆకులు, ఎండు గడ్డిలాంటి వేళ్ళు, అంతే. పూసిందా, ఫెలనాప్సిస్ రకం అయితే ఒక్కో గెల రెండు మూడు నెలలు నిలుస్తుంది. అడీనియం పూలు అన్నాళ్ళు నిలవవు, కాకపోతే మళ్ళీ మళ్ళీ పూస్తుంది.

ఆర్కిడ్‌లలో నాకు నచ్చేవి వాటి వేళ్ళు. చెట్ల మీద బతికే రకాలకి వేరు మీద స్పాంజిలాంటి తెల్లని పొర ఉంటుంది. పొద్దున్నే నీళ్ళు చిలకరించి కళ్ళు దగ్గర పెట్టి చూడండి. వెండిరంగు వేరు చూస్తుండగానే ఆకుపచ్చగా మారుతుంది. మళ్ళీ వెండిరంగుకి వచ్చిందంటే నీళ్ళడుగుతోందన్నమాట. దానికి మట్టి అక్కర్లేదు. బొగ్గు, పెంకులు, కొబ్బరి పీచు, వేళ్ళ సందుల్లో ఆడే గాలి కావాలి. ఆకు ముదురాకుపచ్చగా ఉంటే వెలుతురు చాలడం లేదని, పసుపు తిరిగితే ఎండ ఎక్కువైందని లెక్క. సాయంత్రం పోసిన నీళ్ళు ఆకుల మొదట్లో నిలిస్తే కుళ్ళు పడుతుంది.

ఆర్కిడ్ ఒకప్పుడు దొరల సరదా. విత్తనం పొడిలా ఉంటుంది, ఒక్క కాయలో లక్షలు. ఒక్కదానికీ లోపల తిండి నిల్వ ఉండదు, అడవిలో ఒక బూజు తోడుంటేనే మొలుస్తుంది. 1922లో అమెరికాలో లూయిస్ నడ్‌సన్ చక్కెర కలిపిన అగర్ మీద, బూజు లేకుండానే మొలిపించాడు. 1960లో ఫ్రాన్స్‌లో జార్జ్ మోరెల్ చిగురు కొస కణజాలం నుంచి ఒకే రకం మొక్కల్ని గుంపులుగా తీశాడు. ఇవాళ మనం మామూలు ధరకి కొంటున్నామంటే ఈ ఇద్దరి పుణ్యమే. అయితే పూత మీద ఉన్న ఫెలనాప్సిస్‌ని కొని మళ్ళీ గెల వేయడం లేదని నర్సరీ వాళ్ళని తిట్టకండి. వేడి పాతిక డిగ్రీల లోపుకి దిగితేగానీ అది పూత ఆలోచనే చేయదు. మన కోస్తా ఉక్కకి డెండ్రోబియం రకం ఆర్కిడ్ నయం.

ఇంతకీ, మనకి సొంత ఆర్కిడ్ లేదనుకుంటే పొరపాటు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా 1781 నుంచి పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో లండన్‌లో రావడం మొదలైన తన కోరమండల్ మొక్కల పుస్తకంలో ఒక ఆర్కిడ్‌ని బొమ్మతో వర్ణించాడు. అది ఇప్పటి వాండా టెస్సెలేటా. పసుపు మీద గోధుమరంగు గళ్ళు, ఊదా పెదవి, మంచి వాసన. వాండా అన్న పేరు కూడా సంస్కృతపు 'వందా' నుంచే పోయింది. మన పల్లెల్లో చెట్టు మీద పెరిగే ఇలాంటివాటిని బదనిక అని కొట్టేస్తారు. అసలు బదనిక చెట్టు రసం పీలుస్తుంది. వాండా మాత్రం బెరడు మీద కూర్చుంటుంది, అంతే. దానికి కావలసింది వాన, గాలి.

నా తీర్పు అడిగితే, ఎండ కాసే డాబా ఉన్నవాళ్ళు అడీనియంతో మొదలుపెట్టండి, చూరు నీడే ఉన్నవాళ్ళు డెండ్రోబియం తెచ్చుకోండి. మీ ఊరి మామిడి కొమ్మ మీద పట్టీల్లాంటి దళసరి ఆకులతో, తెల్లని లావుపాటి వేళ్ళతో ఏదైనా కనిపిస్తే మాత్రం పీకి కుండీలో పెట్టకండి. ఎండాకాలం నుంచి తొలకరి దాకా దాని మీద ఓ కన్నేసి ఉంచండి, అక్కడే పూస్తుంది.