ఒక నిర్వచనము: అందు చేరని మాట

గ్రంథములను విమర్శించుట మనకు వాడుకయే కాని, శాసనములోని యొక నిర్వచనమును కావ్యమువలె చదివి గుణదోషములు చూచుట అరుదు. ఇటీవల నంద్యాలలో ఒక మిత్రుని యింట మేము నలుగురము కూడి అట్టి ప్రయత్నము చేసితిమి. చదివినది 1998 జూలై 17వ తేదీన రోము నగరమున అంగీకరింపబడిన శాసనములోని యేడవ అధికరణము. 'క్రైమ్స్ అగెనెస్ట్ హ్యుమానిటీ' యనునవి యెట్టివో అందు చెప్పబడినది.

చిక్కు పేరులోనే వచ్చినది. 'హ్యుమానిటీ'కి మనకు రెండు మాటలు గలవు: మానవజాతి, మానవత్వము. ఒకటి సమూహము, ఒకటి గుణము. మన పత్రికలు ఒకనాడు మొదటిదానిని, మరునాడు రెండవదానిని వాడుచున్నవి. మానవజాతి యన్నచో ఆ నేరము సముద్రముల కావల నెక్కడనో జరుగునది యగును. మానవత్వ మన్నచో కోడలి నాకట మాడ్చు అత్తగారును ముద్దాయియే! జర్మనులకును ఇట్లే రెండు మాటలు గలవు. వారు గుణమును దెలుపు మాటనే యెంచుకొనగా, నాజీలకు కొరవడినది దయ మాత్రమేనా యని హన్నా ఆరెంట్ 1963లో ఎత్తిపొడిచెను.

ఈ మాటకు చరిత్ర గలదు. ఆర్మీనియనుల సంహారమును గూర్చి 1915 మే 24న ఇంగ్లండు, ఫ్రాన్సు, రష్యాలు చేసిన ప్రకటనలో ఇది కనబడును. 1945 ఆగస్టు 8 నాటి లండను ఒడంబడికలో శాసనరూపము దాల్చెను. అందలి యొక విరామచిహ్నము కథ వినదగినది. ఆంగ్లపాఠమున సెమికోలను, రష్యనుపాఠమున కామా యుండెను. అక్టోబరు 6న సెమికోలనును తీసి కామా నుంచిరి. దానితో యుద్ధసంబంధము వాక్యమంతటికిని వర్తించెను. 1939కి పూర్వము జర్మనీలో యూదులు పడిన బాధలు చాలవరకు తీర్పునకు వెలుపల నిలిచెను. అక్షరముకూడ కాని గుర్తు అంతపని చేసినది. రోము శాసనము ఆ యుద్ధసంబంధమును తొలగించుట దాని ఘనత.

ఇక నిర్వచనము. హత్య, బానిసత్వము, చిత్రహింస మొదలగు పదునొకండు దుష్కృత్యములు, విస్తృతముగనో క్రమబద్ధముగనో పౌరజనముపై సాగు దాడిలో భాగములై యుండవలెను. చేయువానికి ఆ దాడి సంగతి తెలిసియుండవలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని రెండవ ఖండమున మరొక షరతు కలదు: ఆ దాడి యొక రాజ్యముయొక్క గాని సంస్థయొక్క గాని విధానము ననుసరించి జరిగి యుండవలెను.

నంద్యాలలో కూర్చుండి యీ షరతు చదువువారికి వేంపెంట జ్ఞప్తికి రాక మానదు. పాములపాడు మండలములోని ఆ గ్రామమున దళితుల ఊచకోత జరిగినదియు 1998 జూలైలోనే. అంతకు పదుమూడేండ్లకు ముందు, 1985 జూలై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులైరి. అక్కడి కలహమునకు మొదలు త్రాగునీటి చెరువు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనమండుగురు. ఏ కచేరీ యీ హత్యలకు ఉత్తరువు నిచ్చెను? ఏదియు లేదు. అయినను గుంపునకు ఏ పేట మీదికి పోవలెనో ఒకరు చెప్పనక్కర లేకపోయెను. ఉత్తరువు చేయవలసిన పనిని మనదేశమున ఆచారము చేయుచున్నది. దానికి ముద్ర లేదు, సంతకము లేదు. అందుచే నిర్వచనమునకు అది కానరాదు.

మాలో న్యాయవాది యైన మిత్రుడు ఆక్షేపించెను: "విధానమను కట్టు తెంచినచో ప్రతి గ్రామకలహమును హేగు నగరమునకు పోవును గదా!" ఇది త్రోసివేయదగిన మాట కాదు. కాని దాడి విస్తృతమో క్రమబద్ధమో కావలెనను కట్టు ఎటులును ఉండనే యున్నది. మరియు పూర్వపు యుగోస్లావియా నేరములను విచారించిన న్యాయస్థానము 2002లో కునారాక్ అప్పీలు తీర్పున, ఆచారసిద్ధమైన అంతర్జాతీయ న్యాయమునకు ఆ విధానపు షరతు ఆవశ్యకము కాదనెను.

పీడనకు కారణములను చెప్పు పట్టికలో జాతి, మతము, సంస్కృతి కలవు. కులము పేరు లేదు. సర్వజనులు నిషిద్ధములని యెరిగిన ఇతర కారణములను మాటక్రింద దానిని వెదకికొనవలెను. దీనితో పోల్చిన మన 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము వచనమున మోటుదైనను చూపున నిశితమైనది. దళితులు వాడుకొను నీటిని చెరచుటయు, తినరానిదానిని బలవంతముగ తినిపించుటయు నేరములని పేరుపెట్టి చెప్పినది. అయితే అది విడివిడి చేతలను చూచును. వాటి వెనుకనున్న మొత్తమునకు పేరుపెట్టదు. ఆ పేరు మన శిక్షాస్మృతిలోను లేదు. 1984 నాటి సిక్కుల హత్యల తీర్పులో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము 2018లో ఈ లోపమును ఎత్తిచూపెను. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితయు దానిని పూరింపలేదు.

అంతర్జాతీయ న్యాయ కమిషను 2019లో సిద్ధపరచిన ముసాయిదా రోము నిర్వచనమునే ఇంచుమించు యథాతథముగ స్వీకరించినది. దానిపై ఒడంబడిక కుదుర్చుటకు 2028, 2029 సంవత్సరములలో సమావేశము జరుపవలెనని ఐక్యరాజ్యసమితి 2024 డిసెంబరులో నిశ్చయించెను. రోములో మన ప్రతినిధులు ఓటు వేయక తటస్థులుగ నుండిరి. 2001లో డర్బనులో జాతివివక్షను గూర్చిన సభ జరిగినపుడు, కులప్రస్తావన వలదని పట్టుపట్టినది మన ప్రభుత్వమే. ఈ పర్యాయము వారు ఏ సూచనలతో పోవుదురో ఇంటనుండియే అడుగుటకు మనకు వ్యవధి కలదు.