ముసురు రోజున మేత

ఈ వారమంతా ముసురే. కైకలూరు దగ్గర చేపల చెరువు చేస్తున్న మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి, "ఇవాళ చెరువులో మేత సంచులు కట్టలేదు బాబాయ్" అన్నాడు. నాకు పండగే. లంఖణం పరమౌషధమని ఇక్కడ నేనెంత పోరినా వినని పాఠకులకి ఇక చేపలతోనే సాక్ష్యం చెప్పిద్దామనుకున్నాను.

సాక్ష్యం గట్టిదే. లీటరు గాలిలో ఆక్సిజన్ దాదాపు 210 మిల్లీలీటర్లు. 30 డిగ్రీల నీళ్లలో, అన్నీ బాగున్నప్పుడు కూడా, ఐదో ఆరో. ఎండ లేకపోతే నీళ్లకి పచ్చరంగునిచ్చే ప్లాంక్టన్ పగలు ఆక్సిజన్ సరిగా చెయ్యదు. రాత్రి మాత్రం తన వంతు పీలుస్తూనే ఉంటుంది. తెల్లారగట్ల శీలావతులూ బొచ్చెలూ నీటి మీదికొచ్చి నోళ్లు తెరిచేది అందుకే.

ఊపిరందకపోతే మన గుండె దడదడలాడుతుంది. చాలా చేపలకి నెమ్మదిస్తుంది. చేప గుండె తోసిన రక్తం మొప్పలకి వెళ్లి, అటునుంచటే ఒళ్లంతా తిరిగి, తెచ్చిన ఆక్సిజన్ చాలావరకు ఖర్చయ్యాక వెనక్కి వస్తుంది. ఎన్నో రకాల చేపల్లో గుండె కండకి దక్కేది ఎక్కువగా ఆ మిగులే. ఇంటిల్లిపాదికీ వడ్డించి గిన్నె అడుగున ఉన్నది తినే మా అమ్మ గుర్తొచ్చింది.

మరి ఆక్సిజన్ చాలనప్పుడు కోత పడేది ఎక్కడ? పొట్ట దగ్గర. పేగులకి వెళ్లే రక్తనాళాలు బిగుసుకుంటాయి. తిన్న చేపకి అరుగుదల కోసం ఆక్సిజన్ వాడకం రెట్టింపు దాకా పెరగడం మామూలే. అంత లేదు కాబట్టి అరుగుదల మందగిస్తుంది, ఆకలి పోతుంది. అలాంటప్పుడు మేత ఆపడమే మేలు.

ఇక్కడితో ముగించి నా మాటే నెగ్గిందనొచ్చు. కానీ మావాణ్ణి నిన్నటి సంచుల సంగతి అడిగాను. మేతగా కట్టిన తవుడు సగం మిగిలిపోయిందట. అది అడుక్కి జారి కుళ్లుతుంది, కుళ్లబెట్టే సూక్ష్మజీవులూ ఆక్సిజనే తింటాయి. కిక్కిరిసిన చెరువులో మేత గుమ్మరించి ఊపిరి తీసింది మనం, పస్తున్నది చేప. దీన్ని నా లంఖణం ఖాతాలో వేసుకోలేను. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల రొద మీద నాకున్న పాత కోపం పక్కనపెట్టి, అర్ధరాత్రి నుంచే తిప్పమన్నాను. ఎండొచ్చాక కూడా మేత తగ్గించు, ఈసారి చేపపిల్లని పలచగా వదులు అన్నాను.

"పట్టుబడికి తూకం రాకపోతే లీజు నువ్వు కడతావా బాబాయ్?" అన్నాడు.