ఇరవై వియ్యాలు, ఐదు దారాలు

సంబంధం వచ్చిందంటే మన పెద్దవాళ్లు ముందు ఆరా తీసేది, ఆ ఇంటివాళ్లు ఇంతకుముందు ఎవరెవరితో వియ్యమందారని. ఆరువందల ఏళ్ల కిందట ఇటలీలోని ఫ్లోరెన్స్‌లోనూ ఇదే లెక్క. అక్కడి పెద్ద కుటుంబాల వియ్యాల చిట్టా ఇప్పుడు మా ఇంట్లో గోడకు వేలాడుతోంది: ఒక ప్లైవుడ్ పలక, 16 మేకులు, వాటి మధ్య పసుపు దారం.

ఆ చిట్టా నేను కల్పించింది కాదు. మెదిచి కుటుంబం 1400-1434 మధ్య ఎలా పైకొచ్చిందో చెబుతూ జాన్ ప్యాడ్జెట్, క్రిస్టొఫర్ ఆన్సెల్ 1993లో ఒక పరిశోధనా వ్యాసం రాశారు. చరిత్రకారిణి డేల్ కెంట్ పాత దస్తావేజుల్లోంచి తవ్వితీసిన వివరాలు వాళ్లకు పెద్ద ఆసరా. అందులోంచి ఏరిన 16 కుటుంబాలు, 20 వియ్యాల పట్టికను నెట్‌వర్క్‌ల గురించి చదువుకునే పిల్లలకు ఇప్పటికీ మొదటి పాఠాల్లోనే చూపిస్తారు. కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే బొమ్మ వచ్చేస్తుంది. చేత్తో అల్లితే మాత్రం ఒక్కో వియ్యం దగ్గరా ఆగాలి.

మేకుల మధ్య దారం లాగి బొమ్మ కట్టే ఈ స్ట్రింగ్ ఆర్ట్‌కు మూలపుటమ్మగా మేరీ ఎవరెస్ట్ బూల్‌ను చెప్పుకుంటారు. 1832లో పుట్టిన ఆవిడ, అట్టకు బెజ్జాలు పెట్టి దారంతో తిన్నని గీతలే కుట్టిస్తూ, వాటిలోంచి వంపు ఎలా పుట్టుకొస్తుందో పిల్లలకు చూపించేది. శిఖరానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ ఈవిడకు పెదనాన్న. ఆయన 1818లో దేశాన్ని కొలిచే సర్వే నడిపిస్తున్న లాంబ్టన్‌కు సహాయకుడిగా నియమితుడై హైదరాబాద్ వచ్చాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరాన పడ్డాడు కూడా. కొండ నుంచి కొండకు చూపుతో గీత లాగడం ఆయన వృత్తి, బెజ్జం నుంచి బెజ్జానికి దారం లాగడం ఈవిడ పాఠం. ఆ ఇంటి వాటం అలాంటిది కాబోలు!

ఇక పని. మొదటిసారి నేను మెదిచి మేకును నడిమధ్యలో కొట్టి, తక్కినవాటిని చుట్టూ పేర్చాను. చూసినవాళ్లంతా "ఆహా, వీళ్లే రాజులన్నమాట" అన్నారు. నడుమ ఎవరిని కూర్చోబెట్టినా రాజులాగే కనిపిస్తారు కదా! మేకు ఎక్కడుండాలన్నది అల్లేవాడి ఇష్టం. ఏ మేకు నుంచి ఏ మేకుకు దారం పోవాలన్నదే చిట్టాలో ఉంది. అందుకని రెండో పలకమీద అందరినీ ఒకే వలయంలో కూర్చోబెట్టాను. దానికి కోణమానిని అక్కర్లేదు. కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి నాలుగుసార్లు మడిస్తే సరిగ్గా 16 భాగాలు వస్తాయి. దాన్ని పలకమీద అంటించి, మడత మడతకూ అంచున మేకు కొట్టి, ఆఖర్న కాగితం చింపేయడమే. చిన్న మేకును వేళ్లతో కాకుండా పట్కారుతో పట్టుకోవాలి. ఈ సంగతి నా బొటనవేలు నేర్పింది. నైలాన్ దారం జారిపోతుంది, నూలుదారం మేలు. రీఫిల్ తీసేసిన పెన్నులోంచి దారాన్ని దూర్చి, ఆ పెన్ను పట్టుకుని మేకు చుట్టూ తిప్పితే చెయ్యి నొప్పెట్టదు. మరీ బిగించి లాగితే మేకులు లోపలికి వాలి, ముందు లాగిన దారాలన్నీ వదులైపోతాయి.

అసలు చిక్కు దారం తెంపకుండా ఎంతదూరం పోగలమన్నది. మెలికముగ్గు వేసేవాళ్లు చెయ్యెత్తకుండా చుక్కలన్నీ చుట్టి మొదటికి వస్తారు. ఇక్కడ అది కుదరదు. ఎందుకో 1736లోనే గణితవేత్త ఆయిలర్ చెప్పాడు. దారం ఒక మేకు దగ్గరికి వచ్చి వెళ్లిందంటే రెండు పోగులు ఖర్చు. పోగులు బేసిగా ఉన్న మేకు దగ్గర ఏదో ఒక దారం మొదలవ్వాలి, లేదా ముగియాలి. ఫ్లోరెన్స్ చిట్టాలో అలాంటి బేసి మేకులు పది. అంటే ఎంత నేర్పున్నా ఐదు దారాలు తప్పవు. నా మొదటి దారం అచ్చయువోలి దగ్గర ముడితో మొదలై మెదిచి మీదుగా సాల్వియాతి చేరి, పాజ్జి దగ్గర ఆగుతుంది. పెళ్లిళ్ల దారమే కనుక ప్రతి మొదలుకూ మూడు ముళ్లు వేశాను.

అల్లడం అయ్యాక మెదిచి మేకు మీద ఆరు పోగులున్నాయి. డబ్బులో వీళ్లను మించినవాళ్లు స్ట్రోజ్జీలు. 1427 నాటి పన్ను లెక్కల్లో నగరంలోకెల్లా ధనవంతుడు పల్లా స్ట్రోజ్జీయే. వాళ్ల మేకు మీద నాలుగు పోగులు. ఆరుకూ నాలుగుకూ ఏపాటి తేడా అనిపిస్తుంది. పట్కారుతో స్ట్రోజ్జి మేకు పీకి చూశాను. నాలుగు దారాలు వేలాడాయి, కానీ మిగిలినవాళ్లలో ఎవరూ విడిపోలేదు. అంతకుముందు కలిసున్నవాళ్లంతా వేరే దారిన ఒకరికొకరు అందుతూనే ఉన్నారు. దాన్ని మళ్లీ కొట్టి, మెదిచి మేకు పీకాను. అచ్చయువోలి ఒంటరైపోయింది. సాల్వియాతి, పాజ్జి ఒకదానికొకటి తప్ప ఎవరికీ కాకుండా పోయాయి. లెక్కగట్టినవాళ్ల మాట ప్రకారం, తక్కిన కుటుంబాల్లో ఇద్దరిద్దరి మధ్య దగ్గరిదారులు చూస్తే వాటిలో సగానికి పైగా మెదిచి గడప మీదుగానే పోతాయి. స్ట్రోజ్జి వంతు పదోవంతు.

1433లో కోసిమో మెదిచిని నగరం నుంచి వెళ్లగొట్టిన ముఠాకు నాయకుడు రినాల్దో అల్బిజ్జి. ఏడాది తిరిగేసరికి కోసిమో తిరిగొచ్చాడు; ఈసారి రినాల్దో, పల్లా స్ట్రోజ్జి ఊరు వదిలారు. పలకమీద చూస్తే అల్బిజ్జికీ మెదిచికీ మధ్య పసుపు దారం నిక్షేపంగా ఉంది. వియ్యంకుల తగువులు ఎక్కడైనా ఒకటే!

ఆపైన వ్యాపార సంబంధాలకు ఎర్రదారం లాగాను. అవి 15. మెదిచికి ఐదు వచ్చాయి, స్ట్రోజ్జికి ఒక్కటీ రాలేదు. రెండు రంగులూ అయిపోయాక కూడా ఒక మేకు బోసిగానే మిగిలింది, పుచ్చి కుటుంబానిది. వచ్చిన ప్రతివాళ్లూ అది పొరపాటున కొట్టిందేమోనని అడుగుతారు. ఆ రోజుల్లో కోసిమో పక్షాన్ని జనం కోసిమో పేరుతో కాకుండా పుచ్చియో పుచ్చి పేరుతో పిలిచేవారు. పార్టీకి పేరిచ్చినవాడి మేకుకు చుట్టడానికి చిట్టాలో ఒక్క పోగూ లేదు.