పాత్రాభిమానం – విమర్శ: జీన్ వాల్జీన్ ఉదాహరణ

1. ఉపోద్ఘాతం

నవల చదువుతుండగానే మనకు ఒక పాత్ర నచ్చుతుంది. ఆ ఇష్టాన్ని పాత్రాభిమానం అందాం. విమర్శ రాయడానికి కూర్చున్నప్పుడు దాన్ని పక్కన పెట్టాలా? చాలామంది విద్యార్థులు అడిగే ఈ ప్రశ్నను విక్టర్ హ్యూగో ఫ్రెంచి నవల ‘లే మిజరబ్ల్’ (1862) ఆధారంగా పరిశీలిద్దాం. రొట్టె దొంగిలించినందుకు జైలుకు వెళ్లి, పారిపోయే ప్రయత్నాల వల్ల శిక్ష పెరిగి, మొత్తం 19 ఏళ్లు గడిపిన జీన్ వాల్జీన్ ఇందులో కథానాయకుడు.

2. మనవారి అభిమానం

తెలుగు ప్రేక్షకులు ఈ కథను ‘బీదల పాట్లు’గా ఎరుగుదురు. 1950లో కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో వారు కె. రామ్‌నాథ్ దర్శకత్వంలో తమిళ, తెలుగు భాషల్లో దీన్ని తీశారు. చిత్తూరు నాగయ్య నాయకుడు. 1972లో అక్కినేని నాగేశ్వరరావు నాయకుడిగా అదే పేరుతో మరో చిత్రం వచ్చింది. నాగయ్య అప్పటికే పోతన, త్యాగయ్య, వేమన పాత్రలతో జనం మనసులో నిలిచినవాడు. ఆయన్ని చూసే కళ్లకు ఈ దొంగ కూడా మొదటి నుంచీ మహాత్ముడిగానే కనిపించడం సహజం. అభిమానం నాయకుడి దగ్గరే ఆగలేదు. తమిళంలో అతన్ని వెంటాడే పోలీసు అధికారి జావర్‌గా నటించిన సీతారామన్, ఆ తర్వాత ‘జావర్’ సీతారామన్‌గానే ప్రసిద్ధుడయ్యాడు.

3. అభిమానం దాటవేసే ఘట్టాలు

బిషప్ వెండి సామాను ఇచ్చి పంపిన ఘట్టం అందరికీ గుర్తుంటుంది. దాని వెంటనే వచ్చేది గుర్తుండదు. దారిలో ఒక పిల్లవాడి చేతి నుంచి నాణెం జారితే, వాల్జీన్ దాని మీద కాలు వేసి తొక్కిపట్టి, పిల్లవాణ్ణి ఏడిపించి పంపేస్తాడు. అతని మార్పు బిషప్ దయతో ఒక్కసారిగా పూర్తి కాలేదు. ఈ చివరి తప్పు చేశాక కుమిలిపోవడంలోనే అది మొదలైంది.

రెండవది మరింత ముఖ్యం. వాల్జీన్ పేరు మార్చుకుని ఫ్యాక్టరీ యజమాని అవుతాడు. పెళ్లి కాకుండా తల్లి అయిందని ఫాంటీన్‌ను పనిలోంచి తీసేసింది ఆ ఫ్యాక్టరీలోనే. తీసేసింది పర్యవేక్షకురాలు, యజమానికి ఆ సంగతే తెలియదు. ఫాంటీన్ జుట్టు అమ్ముకుంటుంది, ముందు పళ్లు అమ్ముకుంటుంది, చివరికి వీధిన పడుతుంది.

ఈ ఘట్టాన్ని నేనూ ఏళ్ల తరబడి పైపైనే చదివాను. మణికొండలో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఒకసారి ఒక పనిమనిషిని ఇక రావద్దన్నారు. ఆ నిర్ణయం మా అందరి పేరు మీదే జరిగింది. నాకు తెలిసింది పది రోజుల తర్వాత. తెలిశాక కూడా కారణం అడగలేదు. ఆ తర్వాత నవల మళ్లీ తెరిచినప్పుడు ‘యజమానికి తెలియదు’ అన్న మాట దగ్గర ముందుకు సాగలేకపోయాను. తెలియకపోవడం నిర్దోషిత్వం కాదని హ్యూగో చెబుతున్నాడు. వాల్జీన్ కూడా తెలిసిన తర్వాత ఆ మాట చాటున దాక్కోలేదు.

4. సారాంశం

ఈ తప్పు తెలిస్తే వాల్జీన్ మీద అభిమానం తగ్గుతుందా? తగ్గదు, దానికి ఆధారం మారుతుంది. ఫాంటీన్ కూతురు కోజెట్‌ను అతను పెంచడం అంతవరకు మనకు దయగా కనిపించింది. ఇప్పుడు బాకీ తీర్చడంగా కూడా కనిపిస్తుంది. దయ చూపేవాడి కంటే బాకీ ఒప్పుకున్నవాడు మనకు దగ్గరివాడు. కాబట్టి మీ అభిమానాన్ని దాచుకోకండి. దానితోనే మొదలుపెట్టి, అది దాటవేసిన పుటలకు తిరిగి వెళ్లండి. విమర్శ అక్కడ మొదలవుతుంది.

మీ అవగాహనను పరిశీలించుకోండి: మీకు బాగా నచ్చిన తెలుగు నవలా పాత్రను తీసుకోండి. అభిమానం వల్ల మీరు పట్టించుకోని ఒక ఘట్టాన్ని గుర్తించి, అది ఆ పాత్రను ఎలా మారుస్తుందో పది వాక్యాల్లో రాయండి.