అరుదైన పుస్తకం ఏది?

పాత పుస్తకాలు పోగుచేయడం డబ్బున్నవాళ్ళ సరదా అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. 1817లో మద్రాసుకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర కుంఫిణీ ఉద్యోగి. జీతం డబ్బుతోనే తెలుగు రాతప్రతులు కొన్నాడు. కడపలో పండితులను పెట్టి, ప్రతికీ ప్రతికీ పోల్చి, తప్పులు దిద్ది, కొత్తగా రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఆయన పోగుచేసిన ప్రతులు ఇప్పుడు చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఎవరైనా పోయి చూడొచ్చు. నాకు ఆయనలో నచ్చింది ఇదే. బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళను నేను మెచ్చుకోలేను.

మన వెంబకోట్టై చుట్టూ టపాకాయల పని. పాత కాగితం గొట్టాలు చుట్టడానికి పోతుంది. పేలినాక ముక్కల మీద అచ్చక్షరాలు మీరూ చూసే ఉంటారు. కిలోల లెక్కన అమ్మేసిన తాతగారి తెలుగు పుస్తకం కూడా అట్లా పోవచ్చు. విజయవాడలో సులువుగా దొరికే కథల పుస్తకం కూడా ఇక్కడ అరుదే. ఇంకో ప్రతి ఎక్కడ దొరుకుతుందో తెలియకుండా దేన్నీ తూకానికి వేయకండి. అటక మీదివి దించి, దుమ్ము తుడిచి, ఎవరిదో లోపల రాసిపెట్టి, అడిగినవాళ్ళకు చదవడానికి ఇవ్వండి. మన బడిలో అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు.