గాంధారి అడిగిన నూట ఒకటోది

పెబ్బేరులో మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు ఒక సాయంత్రం గుళ్లో భారతం పురాణకాలక్షేపానికి పోయాం. ఆదిపర్వం. కుంతికి కొడుకు పుట్టాడని విని, నెలలు దాటినా కాన్పు రాని తన కడుపును గాంధారి బాదుకుందనగానే వెనక ఎవరో, "ఎంత ఓర్వలేనితనం!" అన్నారు. అందరం తలలూపాం.

ఊపనిది పక్కింటి ఇల్లాలొక్కతే. పెళ్లయి పదకొండేళ్లు, పిల్లల్లేరు. దారిలో మెల్లగా అంది: "ఓర్వలేక కాదక్కా, బుగులుతోని కొట్టుకుంది. తన కడుపు మీద తనకే కోపమొచ్చింది."

ఇంటికొచ్చి ఆ ఘట్టం మళ్లీ చదివాను. వ్యాసుడి మూలంలో గాంధారి గర్భం మోసింది రెండేళ్లు! నూరుగురు కొడుకుల వరం చేతిలో ఉంది, బిడ్డ మాత్రం లేదు. ముందు పుట్టినవాడికే రాజ్యం. ఆమె కడుపుతో అవస్థ పడుతుండగా ధృతరాష్ట్రుడికి సేవ చేయడానికి ఒక వైశ్య స్త్రీ వచ్చింది. ఆవిడ కొడుకే యుయుత్సుడు. ఇంటా బయటా పిల్లలే, తనకు తప్ప! మొగుడికి తెలియకుండా కడుపు కొట్టుకుందంటే, అది కుంతి మీద కోపమంటారా? కుంతి అడవిలో ఉంది. కొట్టడానికి ఆమెకు అందినది తన ఒళ్లే.

మాంసపు ముద్ద పడింది. పారేయబోయింది కూడా. అంతలో వ్యాసుడొచ్చి అడిగితే దాచలేదు. కుంతి కొడుకు సంగతి విని దుఃఖం పట్టలేక కొట్టుకున్నానని ఒప్పుకుంది. ఆయన చన్నీళ్లు చల్లి, ముక్కలు చేయించి, నేతి కుండల్లో పెట్టించాడు.

మనం గమనించనిది ఆ తర్వాతిది. నూరుగురు ఖాయమనగానే ఆమె మనసు ఒక ఆడపిల్లను కోరుకుంది. ఆడవాళ్లకు అల్లుడంటే ఎక్కువ ముద్దట, ఆ ముచ్చటా తీరాలని! చూశారా, నూరుగురూ వంశానికి. నూట ఒకటో బిడ్డ దుస్సల మాత్రం తనకు. కడుపు బాదుకున్న చేతులే పాపాయి కోసం చాచింది. వద్దనడం, కావాలనడం ఒక్క మనిషిలోనే ఉన్నాయి.

కన్నాకా ఆ తగువు తీరలేదు. దుర్యోధనుడు పుట్టగానే విడిచిపెట్టమన్నాడు విదురుడు, తండ్రి వినలేదు. జూదం నాటికి ఆ కొడుకును వదిలేయమని మొగుడికి చెప్పింది స్వయంగా గాంధారే.

ఇదంతా పక్కింటావిడ ఒక్క మాటలో చెప్పింది. ఎలా తెలిసిందంటారా? ఆ ముందు రోజే మా ఆడపడుచు కోడలి శ్రీమంతం. వీధంతా పిలిచాం, ఆమెను తప్ప. "పాపం, నొచ్చుకుంటుంది" అని సర్దిచెప్పుకున్నాం. నేనూ నోరు మెదపలేదు. పిలవకపోతే నొచ్చుకోదా?

బారసాలకు పిలుపు చెప్పడానికి నేనే వెళతాను. రావడం, రాకపోవడం ఆవిడ ఇష్టం.